కప్ప, దాని వెనక చెరువు, ఒకే ఫ్రేమ్‌లో: లెన్స్ కొనే ముందు చూసుకోవాల్సినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. నల్లగొండ పక్కన చెరువు దగ్గర కప్పలు తీస్తున్నారు. చిన్నవాటిని దగ్గరగా తీసే 90 ఎంఎం మాక్రో లెన్స్‌తో తీస్తే కప్ప బాగా వస్తోంది గానీ వెనకున్న నీళ్లు, కట్ట, గుట్ట అన్నీ పచ్చటి మసకలో కలిసిపోతున్నాయి. కెమెరాతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్‌ను 18 దగ్గర పెడితే చెరువంతా వస్తోంది, కప్పను మాత్రం వెతుక్కోవాల్సి వస్తోంది. ఇంకా దగ్గరికి జరిగితే అది నీళ్లలోకి దూకేస్తోంది. ఫ్లాష్ వేస్తే ముందున్న బురద తెల్లగా కాలిపోతోంది. కాబట్టి 15 ఎంఎం వైడ్ మాక్రో, అంటే విశాలంగా చూపిస్తూనే బాగా దగ్గరికి ఫోకస్ చేసే లెన్స్, కొనాలా అని అడిగారు.

ఇప్పుడే కొనకండి. మీకు అడ్డం వస్తున్నది లెన్స్ కాదు. మీరు కప్పను చూసి దాని దగ్గరికి వెళ్తున్నారు. ఇలాంటి ఫొటోకు ముందు వెనకాల ఏం కనబడాలో తేల్చుకుని, అక్కడ పడుకుని, కప్ప కోసం ఆగాలి. దాని సంగతి కొంచెం వివరంగా చెబుతాను. ముందు లెన్స్ లెక్క ముగిద్దాం.

లెన్స్ మీద రాసే కనీస ఫోకస్ దూరం ముందు గాజు నుంచి కాదు, సెన్సార్ నుంచి. కెమెరా పైన సున్నాకు అడ్డంగా గీత గీసిన గుర్తు ఉంటుంది చూడండి, కొలత అక్కడ మొదలు. మీ కిట్ లెన్స్‌కు 25 సెంటీమీటర్లు అని ఉంటే, బాడీ, లెన్స్ పొడుగు పోను గాజుకూ కప్పకూ మధ్య మిగిలేది జానెడులో సగం, మహా అయితే ఇంకాస్త. మీరు అంత దగ్గరికి ఒక్కసారైనా వెళ్లారా? ఫొటోలు చూస్తే మూరెడు దూరంలో ఆగిపోయినట్టు ఉంది. పెద్ద బోదురు కప్ప 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. 18 దగ్గర పెట్టి, చివరి అంచు దాకా జరిగి, దాన్ని పక్కనుంచి తీస్తే ఫ్రేమ్ వెడల్పులో సగానికి పైగా అదే ఉంటుంది. అంటే బోదురు కప్పకు మీ కిట్ లెన్సే చాలు. చెరువు అంచున కూర్చునే 5 సెంటీమీటర్ల కప్పకైతే ఫ్రేమ్‌లో అయిదో వంతు వస్తుంది, అది కూడా వాడుకోదగ్గదే. వరి మళ్లలో అరిచే 2, 3 సెంటీమీటర్ల బుల్లి కప్పలకు మాత్రం ఈ లెన్స్ సరిపోదు.

ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (ఇంకా దగ్గరికి ఫోకస్ కావడానికి బాడీకీ లెన్స్‌కూ మధ్య పెట్టే ఖాళీ గొట్టం) వేసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. ట్యూబ్ పొడుగును ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎంత మాగ్నిఫికేషన్ (అసలు సైజుతో పోలిస్తే సెన్సార్ మీద పడే బొమ్మ సైజు) పెరుగుతుందో వస్తుంది. 18 ఎంఎం మీద 12 ఎంఎం ట్యూబ్ పెడితే ఒక్కసారిగా 0.67 పెరుగుతుంది, ఫోకస్ వచ్చి ముందు గాజుకు అతుక్కుంటుంది, ఒక్కోసారి గాజు లోపలే పడుతుంది. అదే లెన్స్‌ను 35 దగ్గర పెట్టి వాడితే పనికొస్తుంది గానీ వైడ్ అన్న మాట పోతుంది.

మీరు చూస్తున్న లావోవా 15 ఎంఎం మంచి లెన్సే. 1:1 దాకా, అంటే సెన్సార్ మీద అసలు సైజులోనే బొమ్మ పడేదాకా వెళ్తుంది. కాకపోతే 1:1 దగ్గర గాజుకూ కప్పకూ మధ్య అర సెంటీమీటరు కూడా ఉండదు, వెలుతురు దూరే సందే ఉండదు. ఆచరణలో దాన్ని మూడు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల దూరంలో వాడతాం. ఆటోఫోకస్ లేదు, అపర్చర్ (కాంతి లోపలికి వచ్చే సందు) కూడా చేత్తోనే తిప్పాలి. కిట్ లెన్స్‌తో ఒక వానాకాలం గడిపాక, బుల్లి కప్పలే కావాలని అనిపిస్తే అప్పుడు కొనండి.

మసక విషయంలో ఒక అపోహ ఉంది. వైడ్ లెన్స్‌లో డెప్త్ ఎక్కువ కాబట్టి అన్నీ షార్ప్‌గా వస్తాయంటారు. కప్ప ఫ్రేమ్‌లో ఒకే సైజులో ఉండేలా, ఒకే ఎఫ్ నంబర్‌తో (అపర్చర్ ఎంత తెరిచి ఉందో చెప్పే అంకె, అంకె పెరిగితే సందు చిన్నది) తీస్తే 90తో తీసినా 18తో తీసినా కప్ప ఒంటి మీద షార్ప్‌గా వచ్చే లోతు దాదాపు సమానం. తేడా వెనకాల వస్తుంది. వైడ్‌లో వెనకున్నవి చిన్నవై, వాటి మసక కూడా చిన్నదై, గుట్ట గుట్టగానే, తాటిచెట్టు తాటిచెట్టుగానే పోల్చుకోవడానికి వీలుగా ఉంటాయి. కాబట్టి ఎఫ్ 22కు పోనక్కర్లేదు. మీ క్రాప్ బాడీ (చిన్న సెన్సార్ ఉన్న కెమెరా) మీద ఎఫ్ 8 నుంచి 11 చాలు, ఆపైన డిఫ్రాక్షన్ (సన్నటి సందులో కాంతి చెదరడం) వల్ల కప్ప చర్మం మీద ఉన్న వివరమే మెత్తబడుతుంది. వెనక కట్ట కాస్త మెత్తగా ఉండటమే నాకు ఇష్టం. అన్నీ గీసినట్టు షార్ప్‌గా ఉంటే చూసేవాళ్ల కన్ను ఎక్కడా ఆగదు.

ఇక స్థలం. ఉదాహరణకు పానగల్లు తీసుకుందాం. ఉదయసముద్రం ఉంది, ఛాయా సోమేశ్వరాలయం చుట్టూ వరి మళ్లున్నాయి. నాట్ల ముందు కరిగెట చేసిన మడిలో నీళ్లు నిలబడి ఉంటాయి, అందులో ఆకాశం, గుడి శిఖరం తిరగబడి కనిపిస్తాయి. అక్కడికి సాయంత్రం అయిదింటికే వెళ్తాను. కప్పల వైపు అసలు చూడను. ఏ గట్టు మీద నుంచి చూస్తే గుడి తెరిపిగా కనిపిస్తుంది, కరెంటు స్తంభం ఎటు జరిగితే తప్పుకుంటుంది, సూర్యుడు ఎటు దిగుతాడు, ఇవే చూస్తాను. చోటు కుదిరాక గట్టు అంచున కప్ప సైజు మట్టిపెడ్డ ఒకటి పెట్టి, దాన్నే కప్ప అనుకుని నాలుగైదు ఫొటోలు తీస్తాను. ఎక్స్‌పోజర్, ఫ్లాష్, ఫోకస్ దూరం అన్నీ ఆ మట్టిపెడ్డ మీదే కుదుర్చుకుంటాను. కప్ప వచ్చాక ఇవన్నీ సర్దుకుంటూ కూర్చుంటే అది ఉండదు.

ఈ ఫొటోల్లో అంగుళం తేడాకు బొమ్మ మొత్తం మారిపోతుంది. లెన్స్ కప్ప కన్ను కంటే అంగుళం పైన ఉంటే కప్ప తల బురద మీద పడి, రంగు రంగులో కలిసిపోతుంది. అంగుళం కిందికి దించితే అదే తల ఆకాశం మీదికి లేస్తుంది, గుట్ట దాని భుజం పక్కకు వస్తుంది. అందుకని కెమెరా నేలకు ఆనాల్సిందే. ట్రైపాడ్ అంత కిందికి దిగదు. పాత స్టీలు పళ్లెంలో ఊక నింపిన చిన్న సంచి పెట్టి, దాని మీద కెమెరా పెట్టి బురదలో మెల్లగా ముందుకు జరపండి. పళ్లెం దిగబడదు, చప్పుడు కాదు. తిరిగే స్క్రీన్ ఉంటే మెడకు సుఖం. లేకపోతే చెంప బురదకు ఆనించాల్సిందే.

కప్పను ఫ్రేమ్ మూలకు నెట్టకండి, వైడ్‌లో మూలన ఉన్నది సాగిపోతుంది. మరీ మూతి ముందు నుంచి తీస్తే తల గుమ్మడికాయంత, కాళ్లు పుల్లలంత వస్తాయి. సరదాకు ఒకటి తీసుకోవచ్చు. ముప్పావు పక్క నుంచి, అది చూసే వైపు ఖాళీ వదిలి తీయడం నాకు నచ్చుతుంది. ఫోకస్ మాన్యువల్‌లో ముందే పెట్టేసి, పళ్లెంతో సహా కెమెరాను వెంట్రుక వాసి ముందుకీ వెనక్కీ జరుపుతూ దగ్గరి కన్ను షార్ప్‌గా వచ్చినప్పుడు నొక్కండి. అంత దగ్గరలో చూస్తే ఆ కన్ను వేరే లోకం. అడ్డంగా ఉండే నల్లటి పాప, చుట్టూ బంగారు పొడి చల్లినట్టు చుక్కలు, వాటి మీద ఆకాశం ప్రతిబింబం. గడ్డం కింద నీళ్లు చర్మాన్ని పట్టుకుని కాస్త పైకి పాకి ఉంటాయి, గొంతు కొట్టుకున్నప్పుడల్లా అక్కడి నుంచి సన్నటి అల ఒకటి లేస్తుంది. ఆ అల ఫొటోలో పడితే కప్ప బతికి ఉన్నట్టు ఉంటుంది, లేకపోతే బొమ్మ పెట్టి తీసినట్టు ఉంటుంది.

పారిపోయే సంగతి. అన్ని కప్పలూ ఒకలా ఉండవు. చెరువు అంచున సగం మునిగి కూర్చుని, మనిషి అలికిడి కాగానే నీటి మీద చప్పచప్పమని ఎగురుతూ పోతుందే, మీరు తీస్తున్నది ఆ కప్పనే అనుకుంటాను. దాని శాస్త్రీయ నామం యూఫ్లిక్టిస్ సయనోఫ్లిక్టిస్. దాన్ని తరమకండి. వెళ్లినా చాలాసార్లు దూరం పోదు, కదలకుండా ఉంటే కాసేపటికి దాదాపు అదే అంచుకు తేలుతుంది. కాబట్టి అది దూకిన చోటే పళ్లెం పెట్టి, కెమెరా బిగించి, రిమోట్ పట్టుకుని రెండు గజాలు వెనక్కి వచ్చి కూర్చోండి. కప్పకు కదలని కెమెరా అంటే రాయితో సమానం. పైనుంచి పడే నీడ, తలెత్తే మనిషి ఆకారం, వీటికే బెదురుతుంది. చేత్తో తీయాలంటే మీ నీడ దాని మీద పడని వైపు నుంచి, బోర్లా పడుకుని జరగండి. గొంతు కొట్టుకోవడం ఆగిపోయి ఒళ్లు బిగిసిందంటే దూకబోతోందని లెక్క. అక్కడే ఆగండి, గొంతు మళ్లీ ఆడాక ఇంకాస్త జరగండి.

బోదురు కప్పకు మాత్రం ఒక సీజన్ ఉంది, అది పోనివ్వొద్దు. మృగశిర కార్తెలోనో ఆరుద్రలోనో మొదటి గట్టి వాన పడ్డ మర్నాడు పొద్దున్నే చెల్కల్లో, రోడ్డు పక్క గుంతల్లో చూడండి. మగవి పసుపు రంగు తిరిగి, గొంతుకు రెండు పక్కలా నీలం తిత్తులు ఉబ్బించి పగలే అరుస్తుంటాయి. ఆ ధ్యాసలో ఉన్నప్పుడు మనిషిని పెద్దగా లెక్కచేయవు. అయితే గుంపు అంతా ఫ్రేమ్‌లో కావాలని మొదలుపెట్టారో, అది అచ్చంగా కప్పల తక్కెడే. ఒకటి కుదురుకునేసరికి రెండు దూకుతాయి. అరిచే ఒక్క మగదాన్ని ఎంచుకోండి, మిగతావి వెనకాల వాటికవే అమరుతాయి. మరీ మీద పడి జంటలను విడదీయొద్దు, ఆ గుంతలో నీళ్లు ఎండేలోగా వాటి పని కావాలి. అసలు రంగు రెండు మూడు రోజుల ముచ్చటే, కాబట్టి వాన పడ్డ రోజే సెలవు చెప్పేసుకోండి.

పాలమూరు వైపు ఎర్ర చెల్క నేలల్లో భూమిలో దాక్కునే కప్పలు ఎక్కువ. ఎండాకాలమంతా లోపలే ఉండి వానకు పైకొస్తాయి. గుండ్రంగా ఉబ్బి ఉంటాయి, ఎగరడం కంటే నడవడమే ఎక్కువ, కొత్తవాళ్లకు వీటితో మొదలుపెట్టడం తేలిక. కోయిల్‌సాగర్ చుట్టుపక్కల గుట్టలు వెనకాల పెట్టుకుంటే ఎర్రమట్టి, పచ్చగడ్డి, మబ్బు మూడూ వస్తాయి. ఇక చెట్టు కప్పకు చెరువు దాకా పోనక్కర్లేదు. నీటి తొట్టి పైన కొమ్మకు నురగ గూడు కట్టి ఉంటుంది, లేదంటే బాత్రూమ్‌లో బకెట్ వెనక కూర్చుని ఉంటుంది. నవ్వకండి, ఆ బాత్రూమ్ కూడా దాని నివాసమే. నీలం బకెట్, తడి గోడ, పైన బల్బు, వీటి మధ్య చెట్టు కప్పను వైడ్‌లో తీస్తే పది తామరాకుల ఫొటోల కంటే కొత్తగా ఉంటుంది. నురగ గూడైతే ఎటూ పారిపోదు, లైటింగ్ నేర్చుకోవడానికి అంతకంటే మంచిది లేదు.

లైటింగ్ అంటే గుర్తొచ్చింది, మీ కాలిపోయిన బురద. ఫ్లాష్ కెమెరా పైన ఉంది, కప్ప లెన్స్ ముందు అర జానలో ఉంది. కాంతి దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుందని బడిలో చదివిందే. ఫ్లాష్‌కు కప్ప కంటే ముందున్న బురద దగ్గర, అందుకే అది తెల్లబడింది. పైగా లెన్స్ నీడ కప్ప కాళ్ల మీద పడుతోంది. ఫ్లాష్‌ను కేబుల్‌తోనో ట్రిగ్గర్‌తోనో కెమెరా మీద నుంచి తీసేయండి. లెన్స్ హుడ్ కూడా తీసేయండి. ఫ్లాష్‌ను కప్పకు పైన, కొంచెం పక్కకు, లెన్స్ అంచు దాటి ముందుకు పట్టుకుని, మూతిని కప్ప మీదికి కాకుండా కప్పకు అవతలి వైపు తిప్పండి. కాంతి అంచు మాత్రమే ముందు బురదను తాకుతుంది. తడి చర్మం అద్దంలా మెరుస్తుంది కాబట్టి డిఫ్యూజర్ పెద్దది కావాలి. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి కోసి, లోపల టిష్యూ పేపర్ అంటిస్తే సరిపోతుంది. కొన్నది ఏదీ అంతకంటే గొప్పగా పనిచేయలేదు.

వరస మాత్రం తప్పొద్దు. ముందు ఫ్లాష్ ఆపేసి ఆకాశానికి ఎక్స్‌పోజర్ పెట్టండి, ఒక స్టాప్ తగ్గించండి, అంటే కాంతి సగం చేయండి. మబ్బుల అంచులు కనిపించాలి. షట్టర్ మీ కెమెరా సింక్ స్పీడ్ (ఫ్లాష్‌తో కలిసి పనిచేసే అతి ఎక్కువ షట్టర్ వేగం) దాటకూడదు, మామూలుగా 1/200 సెకను దగ్గర ఉంటుంది. తర్వాత ఫ్లాష్‌ను మాన్యువల్‌లో పూర్తి శక్తిలో 1/32 దగ్గర మొదలుపెట్టి, కప్ప ఒంటికి చాలినంత పెంచండి. ఫ్లాష్ వేసినట్టు తెలియకపోతే అదే సరైన పాళ్లు. జులైలో మన దగ్గర పొద్దు ఏడు కావస్తుండగా గుంకుతుంది. ఆ తర్వాత పావుగంట, ఇరవై నిమిషాలు ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది, కప్పలు అప్పుడే గొంతు సవరించుకుంటాయి. షట్టర్‌ను 1/15 దాకా దించినా కెమెరా పళ్లెం మీద కదలకుండా ఉంటుంది, కప్ప కదలికను ఫ్లాష్ ఆపేస్తుంది. ఫ్లాష్ మీద లేత నారింజ జెల్ (పారదర్శకమైన రంగు ప్లాస్టిక్) ముక్క వేసి వైట్ బ్యాలెన్స్ దానికి సరిచేస్తే ఆకాశం ఇంకా నీలమవుతుంది. మిట్టమధ్యాహ్నం మాత్రం వెళ్లకండి, తెల్ల ఆకాశాన్ని ఏ ఫ్లాష్ కూడా బాగుచేయలేదు.

ఫోన్‌తో కూడా వస్తుందా అంటే, వస్తుంది. అల్ట్రావైడ్ లెన్స్‌కు ఆటోఫోకస్ ఉన్న ఫోన్ కావాలి. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో 2 సెంటీమీటర్ల దాకా ఫోకస్ చేస్తుంది. మీ ఫోన్‌లో ఉందో లేదో తెలియాలంటే 0.5లో పెట్టి వేలు దగ్గరికి తీసుకురండి. చవక ఫోన్లలో విడిగా ఇచ్చే 2 మెగాపిక్సెల్ మాక్రో దీనికి పనికిరాదు. ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుంటే లెన్స్ నేలకు ఆనుతుంది, సగం పని అక్కడే అయిపోతుంది. సగం నీళ్లలో సగం బయట ఫొటోలకు వానాకాలం చెరువు పనికిరాదు, ఎర్రనీళ్లలో ఏమీ కనబడదు. నీళ్లు తేటపడ్డాక చిన్న గాజు చేపల తొట్టిని అంచున నీళ్లలోకి అదిమి, కెమెరాను అందులో పెట్టి తీయొచ్చు.

కప్పను చేత్తో పట్టి నచ్చిన చోట పెట్టడం, ఫ్రిజ్‌లో పెట్టి మందగింపజేయడం లాంటివి కొందరు చేస్తారని మీరూ వినే ఉంటారు. నేను ఒప్పుకోను. కప్ప చర్మంతోనే నీళ్లు పీల్చుకుంటుంది, శ్వాసలో కొంత భాగం కూడా చర్మంతోనే. మన చేతికున్న దోమల క్రీము, సన్‌స్క్రీన్ నేరుగా దాని ఒంట్లోకి పోతాయి. కైట్రిడ్ అనే ఫంగస్ ప్రపంచంలో చాలా చోట్ల కప్పలను చంపింది, తడి బూట్లతో ఒక నీటి నుంచి ఇంకో నీటికి పాకగలదు. ఒకే రోజు రెండు చెరువులు తిరిగేట్టయితే మధ్యలో బూట్లు, పళ్లెం, సంచి బురద లేకుండా కడిగి ఎండబెట్టండి. గడ్డి అడ్డం వస్తే పక్కకు వంచండి, పీకొద్దు.

మన పొలాల దగ్గర అసలు భయం పాము కంటే కరెంటు. అడవి పందుల కోసం గట్ల మీద తీగ లాగి కరెంటు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు, అది చట్టవిరుద్ధం, అయినా మనుషులు పోతూనే ఉన్నారు. మోటారు స్టార్టర్ డబ్బా చుట్టూ తడి నేల కూడా నమ్మదగింది కాదు. కాబట్టి చీకటి పడకముందే ఆ పొలం రైతును కలిసి, "కాకా, ఇక్కడ రాత్రి కప్పల ఫొటోలు తీసుకుంటా, తీగలేమన్నా ఉన్నయా?" అని అడగండి. అడగకుండా టార్చి వేసుకుని తిరిగితే మోటార్ల దొంగ అనుకుంటారు, అది వేరే టెన్షన్. అడిగితే మాత్రం ఏ మడిలో కప్పలు ఎక్కువ అరుస్తున్నాయో ఆయనే చెబుతాడు. వానలు రాకపోతే రోకలికి కప్పను కట్టి, వేపమండలతో ఇల్లిల్లూ తిరిగి కప్పతల్లి ఆడిన ఊళ్లు మనవి, కప్ప అనగానే ముఖం చిట్లించేవాళ్లు తక్కువ. పురుగుమందు గుళికలు ఎప్పుడు చల్లారో కూడా అడగండి. చల్లి రెండు మూడు రోజులే అయితే ఆ మడి వదిలేయండి, అందులో మోచేతులు ఆనించి పడుకోవడం మీకే మంచిది కాదు.

కప్పలున్న చోటికి పాములు వస్తాయి. నీటిలో తిరిగే నీరుకట్టు పాముకు విషం లేదు గానీ కరుస్తుంది. గట్ల మీద రక్తపింజర, కట్లపాము రెండూ ఉంటాయి. మోకాలి దాకా గమ్ బూట్లు వేసుకోండి, పడుకునే ముందు ఆ చోటంతా టార్చితో చూసుకోండి, ఒంటరిగా వెళ్లకండి. అమ్రాబాద్ వైపు వెళ్లే ఆలోచన ఉంటే అది టైగర్ రిజర్వ్, అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి పోవద్దు.

డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే వరస ఇదీ: గమ్ బూట్లు, హెడ్ టార్చి, ఫ్లాష్ కేబుల్, రిమోట్. 15 ఎంఎం లెన్స్ ఈ ఏడు వద్దు. మృగశిర ఇంకా దూరం ఉంటే ఈలోగా ఇంటి వెనక తొట్టి దగ్గర మట్టిపెడ్డను కప్పగా పెట్టి, వెనక మీ వేపచెట్టు కనిపించేలా లైటింగ్ సాధన చేయండి. అందులో ముందు బురద కాలకుండా, ఆకాశం రంగు పోకుండా వస్తే, ఆ సెట్టింగులు కాగితం మీద రాసి కెమెరా సంచిలో పెట్టుకోండి.